మ్యాట్ వార్నిష్ కొట్టాక మిగ్-21 మోడల్ మీద తెల్లపొర, డెకాల్స్ పోకుండా తీయడం ఎలా?

1/72 స్కేల్ (అసలులో 72వ వంతు) మిగ్-21 యుద్ధవిమానం మోడల్, భారత వైమానిక దళం రంగుల్లో చేస్తున్నాను. పైభాగం ముదురు ఆకుపచ్చ, బూడిద రంగు, అడుగున లేత బూడిద. రంగులన్నీ నీళ్లతో కలిపే ఆక్రిలిక్, ఎయిర్‌బ్రష్‌తో వేశాను. వాటిపై ఆక్రిలిక్ గ్లాస్ (మెరుపునిచ్చే) కోటు, 2 రోజులు ఆరాక డెకాల్స్ (గుర్తుల పలుచని స్టిక్కర్లు), మరో 24 గంటల తర్వాత లాకర్ (lacquer, ఘాటైన ద్రావకంతో చేసేది) రకం మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్, స్ప్రే డబ్బాతో.

ఉండేది విశాఖలో. ఆ రోజు పొద్దున వాన పడి ఆగింది, గదిలో తేమ 85 శాతం చూపించింది. ఆగాల్సింది, ఆగలేదు. 10 నిమిషాల్లో రెక్కల మీద పొగమంచు లాంటి తెల్లపొర వచ్చింది. ఆకుపచ్చ మీద బాగా కనిపిస్తోంది, బూడిద రంగు మీద అంతగా లేదు.

ఇప్పటిదాకా చేసినవి: హెయిర్ డ్రయర్ తక్కువ వేడిలో 5 నిమిషాలు పెట్టాను, మార్పు లేదు. ఆలివ్ నూనె పలచగా రాసి తుడిచాను, ఆ పూటకి పోయినట్టే ఉంది కానీ తెల్లారేసరికి మళ్లీ తేలింది. 4 రోజుల తర్వాత ఏసీ గదిలో, తేమ 50 శాతం ఉన్నప్పుడు ఆక్రిలిక్ గ్లాస్ కోటు మళ్లీ కొట్టాను. చాలావరకు తగ్గింది. ప్యానెల్ గీతల్లోనూ (విమానం రేకుల అతుకుల్లా చెక్కిన సన్న గాళ్లు), రెక్కల మీది మూడు రంగుల చక్రాల అంచుల చుట్టూ మాత్రం తెలుపు అలాగే ఉంది. ఈ మోడల్ మీద నాకు చాలా ఇష్టం, వేరే డెకాల్స్ కూడా లేవు.

లాకర్ థిన్నర్‌ను ఎయిర్‌బ్రష్‌తో చాలా పలచగా కొడితే, కింది డెకాల్స్, ఆక్రిలిక్ రంగు దెబ్బతినకుండా ఆ తెల్లదనం పోతుందా?