నాన్నకి సోడా మాత్రలు రాశారు, కడుపులో మంటేం లేదు. ఎందుకు?

పలాస_పిల్ల: మాది ఉద్దానం. నాన్నకి ఆరేళ్లుగా కిడ్నీ జబ్బు. ఎప్పుడూ కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఒక్కటే చూసుకునేవాళ్లం. ఈసారి బైకార్బొనేట్ 17 వచ్చిందని సోడియం బైకార్బొనేట్ మాత్రలు రాశారు. గ్యాస్ మాత్రలనుకుని నాన్న రెండ్రోజులకే మానేశారు.

డయాలసిస్_టెక్: అవి కడుపుకి కాదమ్మా, రక్తానికి. తిన్న పప్పూ మాంసం ఒంట్లో ఖర్చయ్యాక కొంత ఆమ్లం మిగులుతుంది. దాన్ని అప్పటికప్పుడు పట్టేసేది బైకార్బొనేట్. పట్టిన ప్రతిసారీ అదీ కరిగిపోతుంది, కార్బన్ డయాక్సైడై ఊపిరిలో పోతుంది. మళ్లీ నింపాల్సింది కిడ్నీలే. అవి నీరసిస్తే నిల్వ పడిపోతుంది. మామూలుగా 22–26 ఉండాలి. చాన్నాళ్లు తక్కువుంటే ఎముకల్లో కాల్షియం, ఒంట్లో కండ తరిగిపోతాయి.

పలాస_పిల్ల: వాచీ మోచేతి దాకా జారుతోందండీ. పత్యం వల్ల చిక్కారనుకున్నాం!

టైప్1_అమ్మ: మా వాడి సంగతి చెప్తాను. పదేళ్లప్పుడు ఆయాసమని నెబ్యులైజర్ పెట్టించాం. ఛాతీ శుభ్రంగానే ఉంది. మంచం మీదున్నవాడు పరిగెత్తొచ్చినట్టు లోతుగా, ఆగకుండా ఊపిరి తీస్తున్నాడు. నోట్లోంచి మగ్గిపోయిన పండు వాసన. షుగర్ 480. మణికట్టు ధమనిలోంచి రక్తం తీసి ఏబీజీ అనే పరీక్ష చేస్తే పీహెచ్ 7.1, ఉండాల్సింది 7.35–7.45. పీహెచ్ తగ్గిందంటే రక్తంలో ఆమ్లం పెరిగినట్టు. ఆ ఊపిరి జబ్బు కాదట, ఆమ్లాన్ని తగ్గించుకోవడానికి ఒళ్లు పడే పాటట. 1874లో దాని గురించి రాసిన జర్మన్ డాక్టర్ కుస్‌మాల్ పేరే పెట్టారు. బైకార్బ్ ఎక్కించమని నేనే గొడవ చేశాను. ఇన్సులిన్ చాలక రక్తంలో పేరుకున్న ఆమ్లాలు, అంటే కీటోన్లు, సెలైన్, ఇన్సులిన్‌తో తగ్గితే అదే సర్దుకుంటుందన్నారు. మర్నాటికి సర్దుకుంది.

గోదారోడు: మా బావ వేలు పోసి ఆల్కలైన్ నీళ్ల మెషిన్ కొన్నాడు. అది చాలదా?

డయాలసిస్_టెక్: ఆ క్షారం పొట్టలో యాసిడ్‌కే సరి! బావగారికి నా సానుభూతి. పలాస గారూ, ఆ మాత్రల్లో సోడియం ఉంటుంది. కాళ్లు వాచినా, బీపీ పెరిగినా డాక్టరుకి చెప్పండి. మాత్రకి బదులు వంటసోడా చెంచాతో కొలిచి ఇవ్వొద్దు. కొబ్బరినీళ్లు మంచివని పడుతున్నారా? రక్తంలో ఆమ్లం పెరిగితే పొటాషియం కూడా పెరగొచ్చు, ఆ పైన బొండం అంటే గుండెకే ముప్పు.

పలాస_పిల్ల: అయ్యో, పెరట్లో చెట్లున్నాయని రోజుకో బొండం కొట్టిస్తున్నాం. ఇందాకే కత్తి దాచేశాను. రేపే తీసుకెళ్లి పొటాషియం కూడా చూపిస్తాం.