కాపీ అయిపోయినా పెన్‌డ్రైవ్ లైటు ఎందుకు ఆగదు?

తణుకు స్టూడియో:
మా ఫొటో స్టూడియోలో ఉబుంటు లినక్స్ వాడతాం, ర్యామ్ 16 జీబీ. ఒకటిన్నర జీబీ పెళ్లి వీడియోను పెన్‌డ్రైవ్‌కు ఎక్కిస్తే కాపీ గీత చకచకా నిండిపోతుంది, లైటు మాత్రం మిణుకుతూనే ఉంటుంది. అప్పుడే తీసేస్తే కస్టమర్ టీవీలో వీడియో సగంలో ఆగిపోతోంది. పెన్‌డ్రైవ్ లోపమా, సిస్టమ్ అబద్ధం చెబుతోందా?

రామచిలుక:
చవక పెన్‌డ్రైవ్ అయి ఉంటుంది. మార్చి చూడండి.

పాత అడ్మిన్:
మార్చినా ఇంతేనండీ. ఏ ప్రోగ్రామూ పెన్‌డ్రైవ్‌ను నేరుగా ముట్టుకోదు. "ఇది రాయి" అని కెర్నెల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయను, అడుగుతుంది, అంతే. కెర్నెల్ ఆ డేటాను ముందు ర్యామ్‌లో పెట్టుకుని "తీసుకున్నాను" అంటుంది. రిజిస్టర్డ్ పోస్టుకు రశీదు ఇచ్చినట్టు. ఉత్తరం చేరిందని కాదు. సెకనుకు 10 ఎంబీ రాసే పెన్‌డ్రైవ్‌కు మీ వీడియో ఎక్కాలంటే రెండున్నర నిమిషాలు పడుతుంది. మీ గీత చూపించేది ర్యామ్ వేగాన్ని.

ఇది మోసం కాదు, మేలు కోసమే. చిన్న చిన్న రాతలను పోగు చేసి ఒకేసారి రాస్తే డిస్కుకు పని తగ్గుతుంది, ప్రోగ్రామ్ ఎదురుచూడనక్కర్లేదు. రాయాల్సిన డేటా తక్కువైతే లినక్స్ దాన్ని దాదాపు 30 సెకన్లు ర్యామ్‌లోనే ఉంచుతుంది కూడా. కాబట్టి ఎజెక్ట్ నొక్కండి. మిగిలిందంతా రాయించాకే అది వదులుతుంది.

రామచిలుక:
విండోస్‌లో నేను ఎప్పుడూ ఎజెక్ట్ నొక్కను. ఏమీ కాలేదే!

పాత అడ్మిన్:
2018లో వచ్చిన విండోస్ 10 1809 వెర్షన్ నుంచి బయటి డ్రైవ్‌లకు ఇలా దాచిపెట్టి రాయడాన్ని మామూలుగా ఆపేశారు. వేగం కొంత పోతుంది, మీలాంటివారు బతికిపోతారు. అయినా కాపీ నడుస్తుండగా పీకితే అక్కడా అంతే సంగతులు.

తణుకు స్టూడియో:
టెర్మినల్‌లో సింక్ అని, ర్యామ్‌లో మిగిలిందంతా రాయించే కమాండ్, కొట్టి చూశాను. చాలాసేపు కదలకుండా ఉండి, లైటు ఆగాకే ప్రాంప్ట్ వచ్చింది. ధన్యవాదాలు. గీతే నిజం చెప్పేలా సెట్టింగ్ ఉందా గురువుగారూ?

పాత అడ్మిన్:
ఉంది. డర్టీ బైట్స్ అంటే ఇంకా రాయని డేటాను ర్యామ్‌లో ఎంత దాకా ఉంచుకోవచ్చనే పరిమితి. దాని విలువను 64 ఎంబీ దాకా తగ్గిస్తే గీత దాదాపు పెన్‌డ్రైవ్ వేగంతోనే నడుస్తుంది. కానీ ఆ పరిమితి సిస్టమ్ మొత్తానికీ పడుతుంది, మీ వీడియో రెండరింగ్ కూడా మందగించవచ్చు. నేనైతే దాని జోలికి పోను; కౌంటర్ దగ్గర ఉండే కుర్రాడికి ఎజెక్ట్ నేర్పిస్తాను.