మూడేళ్లకే అక్షరాలు రాయించాలా? నర్సరీ హోంవర్క్‌పై చర్చ

గుంటూరు_నాన్న: నర్సరీ పిల్లలకు రోజూ నాలుగు గీతల పుస్తకంలో ఒక పేజీ ఏబీసీడీలు, ఒక పేజీ అఆలు ఇస్తున్నారు. ఇప్పుడే చెయ్యి తిరగాలని కొందరు, ఆరేళ్ల దాకా పెన్సిలే వద్దని కొందరు అంటున్నారు. ఏది సరైనది?

చేతివేళ్లు_ఓటీ (ఆక్యుపేషనల్ థెరపిస్ట్): వయసు ఒక్కటే చూడకండి, పాప ఏ గీతలు గీయగలదో చూడండి. చూసి నిలువు గీత గీయడం సుమారు రెండేళ్లకి వస్తుంది. సున్న మూడేళ్లకి, ప్లస్ గుర్తు నాలుగుకి, చదరం నాలుగున్నరకి, త్రిభుజం ఐదుకి. కొందరికి కొన్ని నెలలు అటూఇటూ అవుతుంది. ఏటవాలు గీతలు బాగా ఆలస్యంగా వస్తాయి కాబట్టి ఏ, కే, ఎక్స్ దగ్గర మూడున్నరేళ్ల పిల్లలు ఏడుస్తారు. అది మొండితనం కాదు.

పట్టు సంగతీ అంతే. మొదట పిడికిలి, తర్వాత వేళ్లన్నీ కిందికి చూసే పట్టు. బొటనవేలు, చూపుడువేలితో పట్టుకుని మధ్యవేలికి ఆనించడం నాలుగేళ్ల ప్రాంతంలో వస్తుంది. చెయ్యి కదలకుండా వేళ్లతోనే రాయడం ఐదారేళ్లకి. అంతకుముందే పేజీలు నింపిస్తే భుజం నుంచి చెయ్యంతా ఆడిస్తారు, బొటనవేలు పెన్సిల్ చుట్టూ చుట్టి బిగిస్తారు, కాగితం చిరిగేలా నొక్కుతారు. ఆ పట్టు స్థిరపడితే మార్చడం చాలా కష్టం.

పలకా_బలపం (ప్రైమరీ టీచర్): ఆరేళ్ల దాకా ఏమీ వద్దంటే నేను ఒప్పుకోను. పెన్సిల్ ముట్టకుండా ఒకటో తరగతికి వచ్చిన పిల్లలు బోర్డు చూసి రాసేటప్పటికి వెనకబడతారు. పైగా మన అక్షరాలు గుండ్రనివి. సున్న వచ్చిన పిల్లకి తలకట్టు నేర్పితే ‘ర’ వచ్చేసినట్టే. నాలుగేళ్లకి పలక మీద మొదలుపెట్టొచ్చు.

చేతివేళ్లు_ఓటీ: ‘ర’ వరకు మీ మాట నిజం టీచర్ గారూ. కానీ బడుల్లో మొదలుపెట్టేది ‘అ’తో. అందులో వంపు మధ్యలో దిశ మారుతుంది, చెయ్యి ఆగి మళ్లీ తిరగాలి. ‘ర’, ‘గ’ లాంటివి ముందు, అచ్చులు తర్వాత రాయించండి. పలుకుతూ గుర్తుపట్టడానికి మాత్రం అఆలు ఎప్పుడైనా సరే, దానికి చెయ్యి అక్కర్లేదు. ‘వ’, ‘మ’ ఒకే వారం నేర్పకండి. ‘మ’ చివరి కొమ్ము ఒక్కటే తేడా, అందుకే పిల్లలు కలిపేస్తారు.

పలకా_బలపం: ఈ వరస నాకూ సమ్మతమే. అక్షరాభ్యాసంలో బియ్యంలో వేలితో రాయిస్తాం కదా, ఆ పని ఒక్కరోజుతో ఆపేయకండి. పళ్లెంలో బియ్యం పలచగా పరిచి రోజూ ఐదు నిమిషాలు రాయిస్తే చాలు.

చిన్నారి_అమ్మ: మరి ఇంట్లో ఏం చేయించాలి? హోంవర్క్ చేయకపోతే డైరీలో రాసి పంపుతారు.

చేతివేళ్లు_ఓటీ: చపాతీ పిండి చిన్న ముద్దలుగా గిల్లించండి, బట్టల క్లిప్పులు తీసి పెట్టించండి, పాత పేపర్ సన్నగా చింపించండి. క్రేయాన్ విరిచి రెండు అంగుళాల ముక్క ఇవ్వండి. పొట్టి ముక్కని పిడికిలితో పట్టుకోలేరు కాబట్టి వేళ్లు వాటంతటవే సర్దుకుంటాయి. పొట్టి బలపం పనిచేసేదీ అలాగే. గోడకి చార్టు అంటించి నిలబెట్టి గీయిస్తే మణికట్టు వెనక్కి వంగి బలపడుతుంది. కుర్చీలో కూర్చుంటే కాళ్లు వేలాడకూడదు, కింద పీట వేయండి.

ఎడమచేతిని మాత్రం మాన్పించకండి. కానీ ఏడాది నిండకముందే ఒక చెయ్యే వాడుతూ రెండోది వదిలేస్తుంటే పిల్లల డాక్టర్‌కి చూపించాలి.

పలకా_బలపం: డైరీ గురించి అమ్మగారూ: 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా పునాది దశ అంటూ ఆటతో నేర్పమంటుంది. 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రమూ ఆ దారిలోనే ఉంది. ఈ మాట చెప్పి, పేజీకి బదులు ఒక్క వరస పెద్ద అక్షరాలు రాయిస్తామని అడగండి. ఒక వరస బాగా రాసి ఆపిన పిల్ల మర్నాడు పుస్తకం తానే తీస్తుంది.