'వేళ్లు' తప్పా, 'వేర్లు' ఒప్పా?

అందరికీ నమస్కారం. మా పాప ఏడో తరగతి చదువుతోంది. సైన్స్ పరీక్షలో "మొక్క వేళ్లు నేలలోని నీటిని పీల్చుకుంటాయి" అని రాసింది. టీచర్ 'వేళ్లు' కొట్టేసి 'వేర్లు' అని దిద్దారు. వేళ్లంటే చేతివేళ్లని చెప్పారట. మా అమ్మ మాత్రం ఇప్పటికీ చెట్టు వేళ్లనే అంటుంది. ఏది సరైనది? ఇంకో సందేహం. 'వేరు' అంటే విడి అని కూడా కదా, కాండం నుంచి విడిపోయి కిందికి వెళ్తుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని ఎక్కడో చదివాను. నిజమేనా?

జవాబు

పాప రాసింది తప్పు కాదండీ. ముందు ఆ మాట పాపకు చెప్పండి.

గోరు – గోళ్లు, నోరు – నోళ్లు, ఊరు – ఊళ్లు. వేరు – వేళ్లు కూడా ఇదే వరస. చివరి 'రు' బహువచనంలో 'లు'తో కలిసి 'ళ్లు' అవుతుంది. పేర్లు, ఊర్లు లాగా 'వేర్లు' అన్నా తప్పు లేదు, అదీ వాడుకలో ఉంది. కానీ పాత రూపం నుడికారంలో గట్టిగా నిలబడింది. 'వేళ్లూనుకుంది', 'కూకటివేళ్లతో పెకిలించారు' అంటాం. అక్కడ 'వేర్లు' పెట్టి ఒకసారి పైకి చదవండి, చెవికి ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో తెలుస్తుంది. చేతివేళ్లతో కలిసిపోకుండా పాఠ్యపుస్తకాలు 'వేర్లు'ను ఎంచుకోవడం బాగానే ఉంది. అయితే అది సౌకర్యం కోసం చేసుకున్న ఏర్పాటు. దాన్ని పట్టుకుని రెండో రూపాన్ని కొట్టేయకూడదు.

ఇక రెండో ప్రశ్న. ఆ వ్యుత్పత్తి నిజం కాదు. చెట్టు వేరు మామూలు 'ర'తో ఉన్న మాట. విడి అనే అర్థమున్నది బండి 'ఱ'తో 'వేఱు'. ఇప్పుడు ఱ రాయడం మానేశాం కాబట్టి రెండూ ఒకటిగా కనిపిస్తున్నాయి. తమిళంలో ఈ తేడా ఇప్పటికీ ఉంది: చెట్టుది 'వేర్', విడి అనేది 'వేఱు'. చేతి వేలు కూడా పాత తెలుగులో 'వ్రేలు', తమిళ 'విరల్'కి చుట్టం. మూడు వేరు వేరు కుటుంబాల మాటలు అక్షరాలు అరిగి ఒకచోట చేరాయి, అంతే.

పైగా మొక్కలో వేరు విడిపోయేదీ కాదు. వేరులో నీటిని మోసే దారువు కాండం గుండా ఆకు ఈనెల దాకా తెగకుండా సాగుతుంది. సంస్కృతంలో చెట్టును 'పాదపం' అన్నారు, పాదాలతో తాగేది అని. వేరు చేసే పనిని ఒక్క మాటలో ఇంత చక్కగా చెప్పిన పేరు నాకు ఇంకోటి కనిపించలేదు.

ఇంకొకరు

'కూకటివేరు' అంటే తల్లివేరేనా? కూకటి అంటే జుట్టు కదండీ, వేరుకి జుట్టేంటి?

జవాబు

తల్లివేరేనండీ. గింజ మొలిచినప్పుడు ముందుగా బయటికొచ్చే ప్రథమ మూలమే పెరిగి తల్లివేరవుతుంది. చిక్కుడు, వేప లాంటి ద్విదళ బీజాల్లో అది చాలాకాలం ఉంటుంది. గడ్డి జాతుల్లో త్వరగానే ఆగిపోతుంది, కాండం అడుగు నుంచి పీచువేళ్లు గుబురుగా వస్తాయి. అంటే, కచ్చితంగా చూస్తే, గడ్డిని కూకటివేళ్లతో పీకలేం. దానికి కూకటివేరే మిగలదు!

జుట్టు సంగతి అడిగారు కదా, వేరుకి నిజంగానే జుట్టుంది. కొనకు కొంచెం వెనక సన్నని నూగు ఉంటుంది, అవే మూలకేశాలు. ఒక్కొక్కటీ ఒకే కణం. నీరు, లవణాలు లోపలికి వెళ్లడంలో వీటిది పెద్ద పాత్ర. 1937లో హోవర్డ్ డిట్మర్ అనే శాస్త్రవేత్త నాలుగు నెలల వయసున్న రై అనే ధాన్యపు మొక్క ఒకే ఒక్కదాని వేళ్లను కొలిచి లెక్కగట్టాడు. వేళ్లన్నీ వరసగా పెడితే 620 కిలోమీటర్ల పైన, మూలకేశాలు దాదాపు 1,400 కోట్లు! మొక్కను పీకి ఇంకోచోట నాటితే వాడిపోయేది ఇందుకే. పెద్ద వేళ్లు బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి, ఈ నూగు మాత్రం మట్టితో పాటు తెగిపోతుంది. అందుకే మట్టిగడ్డతో సహా తీసి నాటమంటారు.

మరొకరు

ఊడలు కూడా వేళ్లే అంటారా? దుంపల సంగతేంటి?

జవాబు

ఊడ వేరే. మర్రి కొమ్మ నుంచి దిగి, నేలను తాకాక లావెక్కి స్తంభంలా కొమ్మను మోస్తుంది. మొక్కజొన్న, మొగలి కాండం కింది కణుపుల నుంచి ఏటవాలుగా దిగేవి ఊతవేళ్లు. ఇలా ప్రథమ మూలం నుంచి కాక ఇంకెక్కడి నుంచైనా పుట్టే వాటికి పుస్తకాల్లో 'అబ్బురపు వేర్లు' అని పేరు. ఆ మాట పెట్టినవారికి దండం పెట్టాలనిపిస్తుంది. చూసి అబ్బురపడాల్సినవే మరి. మడ చెట్ల శ్వాసమూలాలైతే గాలి ఆడని బురదలోంచి పైకి, ఆకాశం వైపు పెరుగుతాయి. బదనిక వేరు మట్టినే తాకదు, ఇంకో చెట్టు కొమ్మలోకి దిగి దాని దారువులోంచి నీరు లాక్కుంటుంది.

'దుంప' దగ్గర మాత్రం జాగ్రత్త. ఆ మాట ఆకారాన్ని చెబుతుంది, పుట్టుకను చెప్పదు. చిలగడదుంప వేరు, బంగాళదుంప కాండం. బంగాళదుంప మీది 'కళ్లు' కణుపులు, ఒక్కో కంట్లో మొగ్గలుంటాయి. వేరుకి కణుపులుండవు. నేలలో ఉన్నంత మాత్రాన వేరైపోదు. క్యారెట్ ఉబ్బిన తల్లివేరు, అల్లం కాండం.

మొదట అడిగినవారు

చాలా థాంక్సండీ. పాపకు చదివి వినిపించాను. వెంటనే ఉల్లిగడ్డ పట్టుకొచ్చింది. అయితే ఇది వేరు కాదా, కింద వేలాడే ఈ పీచేంటి అని అడుగుతోంది.

జవాబు

పాప సరైన చోటే చూసింది. ఆ పీచే వేళ్లు. పీచు అంటుకుని ఉన్న గట్టి బిళ్ల కాండం. మనం ఒలిచే పొరలన్నీ ఆకులు. నిలువుగా కోసి చూపించండి, మూడూ ఒకేసారి కనిపిస్తాయి.