సమస్య: తండ్రి చిన్నవాఁడు, తనయ పెద్ద

మాస్టారు (బసవనగుడి): ఈ వారం సమస్య ఆటవెలది పద్యంలో నాలుగో పాదం. పైమాటకు వింతగా ఉన్న ఈ పాదానికి అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు మీరు పూరించాలి:

తండ్రి చిన్నవాఁడు, తనయ పెద్ద

ఐదు గణాలూ (అక్షరాల గుంపులు) సూర్యగణాలే; పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవాలన్న యతి కూడా తం–తతో కుదిరింది. కాబట్టి మీ కష్టమంతా అర్థం కుదర్చడంలోనే. మన బెంగళూరు ఇళ్ళలో అటక దిగిన పాత ఆటబొమ్మ ఏదో ఒకటి పద్యంలో కనబడాలి. పునర్జన్మ, కల నిషేధం. వాటితో ఏ సమస్యనైనా గట్టెక్కించేయవచ్చు, మజా ఉండదు.

వైట్‌ఫీల్డ్ సభ్యుడు:

తాడు చుట్టి విసర దబ్బునఁ బడెఁ గాని
తిరుగదాయె నాకు, తీరు చెప్పి
చేయి పట్టి నేర్పెఁ జిన్నారి గురువయి;
తండ్రి చిన్నవాఁడు, తనయ పెద్ద!

మాస్టారు: పేరెత్తకుండానే బొంగరం కళ్ళకు కట్టింది. కాని బాబూ, ఒకప్పుడు మీకు బాగా తిరిగేదన్న సంగతి పద్యంలో ఎక్కడా లేదు. జన్మలో బొంగరం పట్టనివాడైనా ఇదే మాట అంటాడు. రెండో పాదంలో "నాకు" తీసి "నేఁడు" పెట్టండి. గణం అదే, నిన్నటి ఆటగాడు దానంతట అదే వచ్చేస్తాడు.

యలహంక సభ్యుడు: తాడు చుట్టి విసిరేది మేకు బొంగరం కదండీ. చన్నపట్న లక్క బొంగరాన్ని వేళ్ళతో తిప్పి వదిలేస్తాం. మా అపార్ట్‌మెంట్‌లో మేకు బొంగరం విసిరితే టైల్స్ పగిలాయంటూ అసోసియేషన్ వాళ్ళు తలుపు కొడతారు. పద్యానికి ఆ బెంగ లేదనుకోండి.

మల్లేశ్వరం సభ్యురాలు:

లక్కపిడతలందు చక్కఁగా వండెను
ఉత్తి గాలి కూర, యూది యూది
"తినుము బుజ్జి" యనుచుఁ దినిపించె నాన్నకు;
తండ్రి చిన్నవాఁడు, తనయ పెద్ద!

వైట్‌ఫీల్డ్ సభ్యుడు: అక్కా, మొదటి పాదంలో ల–చ యతి ఎలా కుదిరింది?

మల్లేశ్వరం సభ్యురాలు: అది ప్రాసయతి తమ్ముడూ, మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలపడం. లక్క–చక్క. ముందున్నవి రెండూ గురువులే, తరువాత రెండుచోట్లా క్క. ఆటవెలదికి చెల్లుతుంది.

మాస్టారు: చెల్లుతుంది, బాగుంది కూడా. నా పేచీ వేరే. "వండెను" దగ్గర వాక్యం ఆగిపోయి, "ఉత్తి గాలి కూర" ఎటూ అతకకుండా ఉంది. పైగా "వండెను ఉత్తి" అని సంధి లేకుండా వదిలేశారు. ఇలా చూడండమ్మా:

లక్కపిడతలందు చక్కఁగా వండిన
యుత్తి గాలి కూర నూది యూది

ఇప్పుడు ఊదేది కూరనే అని తేలింది. లేని కూర కాలుతుందేమోనని ఊదడం, ఆ పిల్ల పెద్దరికమంతా అక్కడే ఉంది. భావం పూర్తిగా మీదే, నేను కుట్టు మాత్రం వేశాను.

జయనగర సభ్యుడు:

చెక్కబొమ్మలందు చిన్నది నాన్నట,
పొడుగుబొమ్మ తనఁట, పోరి పోరి
పేరు పెట్టె పాప; విని నవ్వె నానమ్మ;
తండ్రి చిన్నవాఁడు, తనయ పెద్ద!

మాస్టారు: సమస్యను బొమ్మల మీదికి తోసేసి తాము తప్పుకున్నారు! గడుసు పూరణ. నానమ్మ నవ్వు అన్నిటికన్నా నచ్చింది. కొడుకు చిన్నవాడంటే ఆవిడకు అభ్యంతరమేముంటుంది? బొమ్మలు మాత్రం అటక దిగినవో, నిన్న కొన్నవో తెలియడం లేదు. అక్కడ నా షరతు సగమే తీరింది.

యలహంక సభ్యుడు:

పాత పటము లోన బండిని నడిపెడు
నాకు రెండె, యిపుడు నాదు పాప
కైదు నిండె; నేటి కదె బండి, యదె మువ్వ;
తండ్రి చిన్నవాఁడు, తనయ పెద్ద!

మూడు చక్రాల నడకబండి అండీ. మువ్వ మా అమ్మ కట్టింది.

జయనగర సభ్యుడు: పూరణ అదిరింది. కాని అన్నేళ్ళ బండికి రంగు మిగిలి ఉంటుందంటారా?

యలహంక సభ్యుడు: మాది ఆంధ్రలో లక్కబొమ్మలు చేసే ఏటికొప్పాక సరుకు. పెయింటులా పైన పూసిన రంగు కాదది. తరిమెన (కర్రను తిప్పే యంత్రం) మీద గిర్రున తిరిగే అంకుడు కర్రకు రంగులక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. ఇక్కడికి అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న చన్నపట్నలోనూ అదే కర్ర, అదే లక్క. మా పాప అక్కడి బండి చూసి మనదే అనుకుంది. మా బండికి పిడి దగ్గర, చేతులు పడిన చోట మాత్రం ఎరుపు పోయి కర్ర తేలింది.

మాస్టారు: ఆ పిడి పద్యంలోకి రావలసింది, వ్యాఖ్యలో ఉండిపోయింది! అయినా ఈ వారం నా ఓటు దీనికే. మిగతావాళ్ళు ఆటలోనో బొమ్మలోనో తండ్రిని చిన్నవాణ్ణి చేశారు. ఇక్కడ పటంలో నిజంగానే రెండేళ్ళవాడు, ఎదురుగా నిజంగానే ఐదేళ్ళది. సమస్యలో అక్షరం కూడా అబద్ధం కాలేదు. "నాదు" ఒక్కటే పాదం నింపడానికి వచ్చినట్టుంది. "నా కుమారి / కైదు నిండె" అంటే యతికీ గణానికీ లోటు రాదు.

యలహంక సభ్యుడు: రాదు మాస్టారూ, కాని ఇంట్లో ఎవరం కుమారి అనం. "పాప" ఉండనివ్వండి.

మల్లేశ్వరం సభ్యురాలు: నా ఓటు కూడా పాపకే. "నాదు" మీద మార్కు తగ్గించుకోండి.

మాస్టారు: సరే, అర మార్కు తగ్గించాను.