బండి మీటరు గ్లాసు లోపల పడుతున్న ఆవిరిని పోగొట్టడం ఎలా?

వేళచ్చేరి బాటసారి:
అందరికీ నమస్కారం. మాది ఒంగోలు, ఆరేళ్లుగా చెన్నైలో ఉంటున్నాను. నా 150 సీసీ బండికి నాలుగేళ్లు నిండాయి. కిందటి వారం వానలు పడినప్పటి నుంచి, పొద్దున్నే బండి తీసేసరికి మీటరు గ్లాసు లోపలివైపు తెల్లగా ఆవిరి పట్టి అంకెలు కనిపించడం లేదు. ఆఫీసు చేరేసరికి సగం తగ్గుతుంది, సాయంత్రం వాన పడితే మళ్లీ మొదటికి వస్తుంది. సర్వీసు సెంటరువారు మీటరు మొత్తం మార్చాలన్నారు. గ్లాసు అంచు చుట్టూ సిలికోన్ పూసేస్తే చాలునని ఒక మిత్రుడు అంటున్నాడు. ఏది చేయమంటారు?

తిరువాన్మియూరు వాసి:
సిలికోన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. లోపల ఉన్నది ఆవిరా, నీళ్లా అన్నది ముందు తేల్చుకోవాలి. సన్నని పొరలా పట్టి, బండి నడుస్తుండగా తగ్గుతూ పోయేదైతే అది గాలిలోని తేమే. బొట్లుగా జారి గ్లాసు అడుగున నిలిచిందంటే మాత్రం నీరు చొరకుండా అంచున ఉండే రబ్బరు గ్యాస్కెట్టు జరిగి ఉండాలి, లేదా అంచు ఎక్కడో బీట వారి ఉండాలి.

మీటరు డబ్బా గాలి చొరని పెట్టె కాదు. ఎండలో నిలిపిన బండి మీటరులోని గాలి వేడెక్కి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. ఆ వెంటనే వాన పడి డబ్బా చల్లబడితే లోపలి గాలి సంకోచించి, దొరికిన సందుల్లోంచి బయటి తడి గాలిని లాక్కుంటుంది. చల్లని నీళ్లు పోసిన గ్లాసు బయట చెమర్చినట్టే, రాత్రి గ్లాసు చల్లబడగానే ఆ తేమ దాని లోపలివైపు పేరుకుంటుంది. ఈ తేమ తిరిగి బయటికి పోవడానికే చాలా మీటర్లకు అడుగునో వెనుకనో ఒక చిన్న గాలి రంధ్రం ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో మన ఊరి గాలే తడిగుడ్డలా ఉంటుంది గనుక, ఆ రంధ్రం పూడుకుపోతే వచ్చిన చెమ్మ పోయే దారే ఉండదు. ముందు దాన్ని వెతకండి. గుండుసూదితో మాత్రం పొడవవద్దు, కొన్ని మీటర్లలో నీటిని ఆపి గాలిని వదిలే పలుచని పొర ఉంటుంది. మెత్తని బ్రష్షు చాలు.

పెరంబూరు పాత కాపు:
మీ మిత్రుడు చెప్పిన పని నేను చేసి నష్టపోయాను కాబట్టి రాస్తున్నాను. మూడేళ్ల కిందట అంచు చుట్టూ, అనుమానం కొద్దీ కింది రంధ్రం మీద కూడా, కిటికీ అద్దాలకు వాడే సిలికోన్ పూశాను. లోపలి చెమ్మ లోపలే ఉండిపోయింది. పైగా ఆరేటప్పుడు పుల్లటి వాసన వచ్చే రకం సిలికోన్ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, అది రాగికి పడదు. ఆరు నెలలకు విప్పితే కనెక్టరు పిన్నుల మీద పచ్చని చిలుము కనిపించింది. చివరికి పాత విడిభాగాలు దొరికే పుదుపేటలో ఒక మీటరు వెతికి కొన్నాను. దానిలోని కిలోమీటర్లు నా బండివి కావు కనుక, రేపు అమ్మేటప్పుడు ఆ సంగతి కొనేవారికి చెప్పక తప్పదు.

గిండీ మెకానిక్:
వారంటీ ఉంటే మీరు విప్పకండి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. లేకపోతే బ్యాటరీ నెగటివ్ వైరు తీసిన తర్వాతే మీటరు ఊడదీయండి. గాలి రంధ్రం శుభ్రం చేసి, మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో, తేమను పీల్చుకునే సిలికా జెల్ గుళికలు గుప్పెడు వేసి, అందులో మీటరును రెండు రోజులు ఉంచండి. నారింజ రంగు జెల్ ఆకుపచ్చగా మారితే కొత్తది మార్చండి. బియ్యంలో పెట్టవద్దు, ఆ పిండి దుమ్ము లోపలికి చేరుతుంది. హెయిర్ డ్రయర్ దగ్గరగా పెడితే ప్లాస్టిక్ గ్లాసు వంకర పోతుంది, పెట్రోలో థిన్నరో పెట్టి తుడిస్తే పగుళ్లు వస్తాయి.

నా దగ్గరికి వచ్చే ఇలాంటి బండ్లలో ఎక్కువ భాగం వాన వల్ల కాదు, వాటర్ సర్వీసింగులో ప్రెషర్ గన్ను నేరుగా మీటరు మీదికి పెట్టడం వల్లే చెడిపోయినవి. అక్కడ నిలబడి వద్దని చెప్పండి.

వేళచ్చేరి బాటసారి:
అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం మీటరు తీసి చూశాను. వెనుక అడుగున కందిగింజంత కూడా లేని రంధ్రం, దాని నిండా తెల్లగా గడ్డకట్టిన పాలిష్ ఉన్నాయి. బండి మెరవాలని నెలనెలా నేనే పూసిన పాలిష్ అది. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన బ్రష్షుతో నాలుగైదు సార్లు రుద్దితే ఊడి వచ్చింది. రెండు రోజులు సిలికా జెల్ డబ్బాలో ఉంచి మళ్లీ బిగించాను. నిన్న రాత్రి వాన గట్టిగానే కురిసింది. ఈ ఉదయం గ్లాసు మూలన వేలిగోరంత మసక మాత్రమే కనిపించింది, అది కూడా తరమణి చేరేలోపే పోయింది.