అరిజోనా పాత గనుల ఊళ్ళకి మోటార్‌హోమ్‌లో వెళ్ళొచ్చా?

ఎడారిబాట:
మార్చిలో అమ్మానాన్నలు వస్తున్నారు. ఫీనిక్స్‌లో 30 అడుగుల మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుని వారంలో ఓట్‌మన్, జెరోమ్, టూంబ్‌స్టోన్, బిస్బీ చూపిద్దామనుకుంటున్నా. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, మంచం, బాత్రూమ్ వెంట ఉంటే మంచిదని ఈ ఆలోచన. ఇంత పెద్ద బండి ఎప్పుడూ నడపలేదు. ఆ ఘాట్ రోడ్లు ఎక్కగలనా?

గంగరాయి:
తమ్ముడూ, బండి ఎక్కుతుంది. దిగడమే కష్టం. పోయినేడాది 31 అడుగుల బండితో కింగ్‌మన్ నుంచి పాత రూట్ 66 హైవే మీద ఓట్‌మన్ వెళ్ళాం. 40 అడుగులు దాటిన బండ్లకే నిషేధమని బోర్డు ఉంటే, మనకేం భయం అనుకున్నా. సిట్‌గ్రీవ్స్ పాస్ అనే కనుమ దాటాక తెలిసొచ్చింది. ముందు చక్రాలు రోడ్డు మీదే ఉన్నా, మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు లోపలి అంచుకి వెళ్ళిపోతాయి. చాలాచోట్ల పక్కన రైలింగ్ లేదు. బ్రేకు మీద నుంచి కాలు తీయలేదేమో, మాడు వాసన మొదలైంది. వెనకాల అల్మారా తెరుచుకుని గిన్నెలన్నీ కింద పడ్డాయి. కాస్త వెడల్పున్న చోట ఆపి, వాసన పోయేదాకా అందరం కదలకుండా కూర్చున్నాం. పైనే చిన్న గేరులో వేసుకుని దిగాల్సింది.

ఓట్‌మన్‌లో మాత్రం మా అమ్మ ముఖం చూడాలి! ఒకప్పుడు బంగారు గనుల వాళ్ళు వదిలేసిన గాడిదల సంతతి అక్కడ వీధుల్లోనే తిరుగుతుంది. ఒకటి కిటికీలోంచి మూతి లోపలికి పెట్టింది. వదులుకోకు, కారులో వెళ్ళు.

జెరోమ్‌కి కూడా అంతే. కింద కాటన్‌వుడ్‌లో డెడ్ హార్స్ రాంచ్ స్టేట్ పార్కులో కరెంటు, నీళ్ళు ఉన్న చోటు తీసుకుని బండి అక్కడే వదిలెయ్. జెరోమ్ కొండవాలు మీద కట్టిన ఊరు, పాత జైలు కూడా 200 అడుగులకు పైగా కిందికి జారిపోయింది. నాన్నగారిని పైవీధిలో దింపు, మెట్లు ఎక్కించకు.

సుధ:
టూంబ్‌స్టోన్‌కి బండితోనే వెళ్ళొచ్చు, ఘాట్ రోడ్డు బెడద లేదు. పోలీసులకీ కౌబాయ్ ముఠాకీ మధ్య 1881 నాటి ఓ.కే. కొరాల్ కాల్పులు జరిగింది అక్కడే. బిస్బీలో లావెండర్ పిట్ అనే పెద్ద గని గొయ్యి పక్కన ఆర్‌వీ పార్క్ (మోటార్‌హోమ్‌లు ఆపుకునే చోటు) ఉంది, ఊళ్ళోకి నడిచి వెళ్ళొచ్చు. అక్కడి రాగి గనులు 1975లో మూతపడ్డాయి, ఇప్పుడు ఒకదాని లోపలికి టూర్ ఉంది. ఎండాకాలంలోనూ లోపల 47 డిగ్రీల ఫారెన్‌హీటే, స్వెటర్లు మర్చిపోకండి. ఒక్క మాట బాబూ, గని లోపలికి తీసుకెళ్ళే చిన్న రైల్లో గుర్రం ఎక్కినట్టు కాళ్ళు చెరో పక్కకీ వేసి కూర్చోవాలి. నాన్నగారిని ముందే అడగండి.

ఎడారిబాట:
థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. రైలు సంగతి చెప్తే నాన్న ‘నేను పైనే కూర్చుంటా, మీ అమ్మని తీసుకెళ్ళు’ అన్నారు. మోటార్‌హోమ్ వెనక కారు కట్టుకుని వెళ్ళొచ్చా?

గంగరాయి:
అద్దె బండ్లకి చాలామంది ఒప్పుకోరు, ముందే అడుగు. కాదంటే మీ ఆవిడ మీ కారులో వెనకే వస్తే చాలు. అల్మారాల గడియలు బయల్దేరే ముందు నువ్వే ఒక్కోటి లాగి చూడు.